హ్యూస్టన్ నగరాన్ని పెంచింది చమురు కుబేరులేనా?

పానగల్ పార్కు వాసి (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. చెన్నై త్యాగరాయ నగర్‌లో మేము కొందరం తెలుగువాళ్ళం నెలకొకసారి కూడి ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటాం. ఈసారి హ్యూస్టన్ నగరం చర్చకు వచ్చింది. మాలో చాలామందికి కొడుకో కూతురో అక్కడే ఉండడం వల్ల ఎవరికి తోచింది వారు గట్టిగానే చెప్పారు. ఆ ఊళ్ళోని ఆసుపత్రులు, విశ్వవిద్యాలయం, మ్యూజియంలు, పార్కులు చాలావరకు చమురు కుబేరుల దానాలేనని ఒక పక్షం వాదించింది. దానాలు సరే, ఊరి పెరుగుదలను తమ భూముల విలువ హెచ్చే దిక్కుకు మళ్ళించుకున్నది కూడా వాళ్ళేనని, అమెరికాలోని పెద్ద నగరాలలో జోనింగ్ చట్టం, అంటే ఏ జాగాలో ఇళ్ళు, ఏ జాగాలో అంగళ్ళు, కర్మాగారాలు ఉండాలో నిర్ణయించే చట్టం, లేనిది ఆ ఒక్కటే కావడం వెనక వాళ్ళ చేయి ఉందని రెండో పక్షం అన్నది.

నన్ను ఆలోచనలో పడవేసింది కాలాల పొంతన. మేము కూర్చుని మాట్లాడుకున్న పేట 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం తరవాత, 1923-25 ప్రాంతంలో, లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువులో కొంత భాగాన్ని ఎండగట్టి ప్రభుత్వ పథకంగా వేసినది. పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, నడుమనున్న పార్కుకు జస్టిస్ పార్టీ మంత్రివర్గానికి నాయకుడైన పానగల్ రాజా పేరు పెట్టారు, ఇద్దరూ తెలుగువారే. సరిగ్గా ఆ ఏళ్ళలోనే హ్యూస్టన్‌లో రివర్ ఓక్స్ అనే పేటను చమురు డబ్బున్న ఒక కుటుంబం సొంతంగా వేసిందని చదివాను. ఇక్కడ సర్కారు చేసిన పని అక్కడ ఆసాములు చేశారన్నమాట. దీనివల్ల నూరేళ్ళ తరవాత ఆ ఊరికి వచ్చిన తేడా ఏమిటి? జోనింగ్ లేకపోవడానికి చమురువాళ్ళు నిజంగా కారకులా? పట్టణ ప్రణాళిక తెలిసినవారు, ఆ ఊరిని దగ్గరగా చూసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

కోట్టూరుపురం మాస్టారు

పట్టణ ప్రణాళిక బోధించడం నా వృత్తి కాబట్టి కొంచెం విస్తరంగానే రాస్తాను, ఓపికతో చదవండి.

చమురు రాకముందే హ్యూస్టన్ పత్తి, కలప, రైలు మార్గాల ఊరు. 1900 జనగణనలో అక్కడి జనాభా 44,633. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన తుఫాను, సముద్రపు ఒడ్డున పోటీగా ఉన్న గాల్వెస్టన్ రేవును నేలమట్టం చేసింది. నాలుగు నెలలు తిరగకుండానే, 1901 జనవరి 10న, తూర్పున బోమాంట్ దగ్గరి స్పిండిల్‌టాప్ దిబ్బలో చమురు ఆకాశానికి ఎగజిమ్మింది. చమురు దొరికింది బోమాంట్‌లోనైనా, దాన్ని వ్యాపారంగా నడపడానికి కావలసిన బ్యాంకులు, రైళ్ళు, న్యాయవాదులు హ్యూస్టన్‌లో ఉన్నారు. బోమాంట్‌లో పుట్టిన టెక్సాస్ కంపెనీ, అంటే తరవాతి టెక్సకో, ఆ దశాబ్దంలోనే తన ప్రధాన కార్యాలయాన్ని హ్యూస్టన్‌కు మార్చుకుంది. 1930 నాటికి జనాభా 2,92,352కు చేరింది.

ఇక మీరు అడిగిన అసలు సంగతికి వస్తాను. చమురువాళ్ళ ముద్ర ఎక్కడుందంటే అందరూ ఎత్తయిన భవనాలను చూపిస్తారు. నా లెక్కలో అది రిజిస్ట్రార్ ఆఫీసు కాగితాలలో ఉంది. టెక్సాస్ కంపెనీ స్థాపకుడు జోసెఫ్ కలినన్ ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చిన కొన్నేళ్ళకు, 1916లో, రైస్ విద్యాసంస్థ (నేటి రైస్ విశ్వవిద్యాలయం) ఎదుట షేడీసైడ్ అనే చిన్న పేటను వేసి, ఎవరికి స్థలం ఇవ్వాలో, ఎవరు ఎలాంటి ఇల్లు కట్టుకోవాలో తానే నిర్ణయించాడు. తోటి చమురు సంపన్నులు కొందరు అక్కడ చేరారు. ఆ పద్ధతిని పెద్ద ఎత్తున చేసి చూపినవారు హాగ్ సోదరులు.

వాళ్ళ తండ్రి జేమ్స్ హాగ్ టెక్సాస్ గవర్నరుగా పనిచేసినవాడు. టెక్సాస్‌లోని వెస్ట్ కొలంబియా అనే ఊరి దగ్గర ఒక పాత తోటను కొని, అందులో చమురు ఉండి తీరుతుందని నమ్మి, తన తరవాత పదిహేనేళ్ళ వరకు దాన్ని అమ్మకూడదని వీలునామాలో కట్టడి చేసి 1906లో పోయాడు. 1918 ప్రాంతంలో అక్కడ నిజంగానే చమురు పడింది. ఆ డబ్బుతో విల్ హాగ్, మైక్ హాగ్, వాళ్ళ మిత్రుడు హ్యూ పాటర్ కలిసి 1924 నుంచి సుమారు 1,100 ఎకరాలలో రివర్ ఓక్స్‌ను అభివృద్ధి చేశారు. వీధి వంపులు, చెట్ల వరుసలు, ఇంటికీ వీధికీ మధ్య వదలవలసిన జాగా, ఇంటికి పెట్టవలసిన కనీస ఖర్చు, అంగళ్ళు ఎక్కడ ఉండాలి అన్నవన్నీ అమ్మకపు దస్తావేజులోనే షరతులుగా రాశారు. తెల్లవారు కానివారికి అమ్మరాదన్న షరతు కూడా ఆ కాగితాలలోనే ఉంది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. అప్పటికి పేట స్వరూపం గట్టిపడిపోయింది.

ఇక్కడొక వింత ఉంది. ఇంత పకడ్బందీ పేటను సొంతంగా వేసిన విల్ హాగే, ఊరంతటికీ ప్రభుత్వ ప్రణాళిక, జోనింగ్ కావాలని అందరికంటే ఎక్కువ పోరాడాడు. నగర ప్రణాళిక సంఘానికి అధ్యక్షుడై 1929లో ఒక సమగ్ర నివేదిక తెప్పించాడు. అతనూ మైక్ కలిసి, మొదటి ప్రపంచ యుద్ధ కాలపు సైనిక శిబిరం ఉండిన సుమారు 1,500 ఎకరాలను సేకరించి, లాభం చూసుకోకుండా కొన్న ధరకే నగరానికి ఇచ్చారు; నేటి మెమోరియల్ పార్కు అదే. జోనింగ్ ప్రతిపాదన మాత్రం భూయజమానుల వ్యతిరేకత వల్ల వీగిపోయింది, విల్ 1930లో చనిపోయాడు. ఆ తరవాత అతని సొంత రివర్ ఓక్స్‌నే చూపించి, దస్తావేజు షరతులు ఉండగా సర్కారు నిబంధనలు ఎందుకని వాదించడం సులువైంది. చెడ్డ లేఅవుట్ వేసి ఉంటే అతను గెలిచి ఉండేవాడేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

కాబట్టి చమురువాళ్ళందరినీ ఒక గాటన కట్టలేము. 1948లో జోనింగ్ మీద ఓటు పెట్టినప్పుడు చమురు కోటీశ్వరుడు హ్యూ రాయ్ కల్లెన్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు, బ్యాంకులు, భవనాలు, పత్రిక చేతిలో ఉన్న జెస్సీ జోన్స్ సమర్థించాడు, జనం తిరస్కరించారు. 1962లోనూ 1993లోనూ మళ్ళీ ఓటింగ్ జరిగింది, రెండుసార్లూ అదే ఫలితం. మధ్యలో 1965లో వచ్చిన రాష్ట్ర చట్టం, ఆ ప్రైవేటు దస్తావేజు షరతులను ఉల్లంఘించినవారి మీద నగరపాలకులే దావా వేసే వీలు కల్పించింది. ఆసాములు రాసుకున్న షరతులను సర్కారు ఖర్చుతో కాపాడడమన్నమాట.

దీనివల్ల వచ్చిన తేడా ఇదీ. షరతులకు సాధారణంగా గడువు ఉంటుంది. పాతిక ముప్పై ఏళ్ళకు వాటిని పొడిగించుకోవడానికి ఐకమత్యం, లాయరు ఫీజు రెండూ కావాలి. అవి ఉన్న పేటలలో ఇంటి పక్కన ఇల్లే ఉంటుంది. లేని పేటలలో ఇంటి పక్కన పాత ఇనుము అంగడి, లారీల షెడ్డు, ఏదైనా రావచ్చు.

మణలి మాజీ ఉద్యోగి

మాస్టారు గారు చెప్పింది విలువైనదే గానీ, ఊరి పడమటి సగం కథ మాత్రమే. నేను ముప్పై ఏళ్ళకు పైగా చెన్నై ఉత్తరాన ఉన్న మణలి ప్రాంతంలోని కర్మాగారాలలో పనిచేసినవాణ్ణి కాబట్టి నా చూపు తూర్పు వైపుకే పోతుంది.

హ్యూస్టన్‌ను చమురు నగరం చేసింది దానాలూ కావు, పేటలూ కావు. సముద్రం నుంచి లోపలికి సుమారు 80 కిలోమీటర్ల పొడవున బఫెలో బేయూ అనే వాగునూ గాల్వెస్టన్ అఖాతాన్నీ లోతుచేసి తవ్విన ఓడల కాలువ. ఖర్చులో సగం స్థానికులు బాండ్ల ద్వారా భరిస్తారు, మిగతా సగం కేంద్ర ప్రభుత్వం భరించాలి అన్న ఒప్పందం మీద ఆ పని జరిగింది. ఆ బాండ్లను ఊరి బ్యాంకుల చేత కొనిపించిన జెస్సీ జోన్స్ మూలాలు కలప వ్యాపారంలో ఉన్నాయి గానీ చమురులో కాదు. 1914 నవంబరులో కాలువ తెరుచుకుంది. హంబుల్ అనే చమురు కంపెనీ తన బేటౌన్ రిఫైనరీ నిర్మాణం మొదలుపెట్టింది 1919లో. అంటే సర్కారు డబ్బు సగం పడి రేవు తయారైన తరవాతనే శుద్ధి కర్మాగారాలు ఆ గట్ల మీద బారులు తీరాయి. చమురు కుబేరులు ఊరిని కట్టారనేకంటే, ఊరు కట్టిన కాలువ మీద వాళ్ళు కుబేరులయ్యారనడం నాకు సబబుగా తోస్తుంది.

యజమానులేమో గాలీ నీడా ఉన్న పడమర, నైరుతి పేటలలో ఇళ్ళు కట్టుకున్నారు. కాలువ పక్కన మాంచెస్టర్ వంటి పేటలలో పనివాళ్ళు, ఎక్కువగా మెక్సికన్ మూలాల కుటుంబాలు, నిల్వ ట్యాంకుల నీడలోనే ఇళ్ళు కట్టుకున్నారు. మన మణలిలో రిఫైనరీ కోసం 1965లో ఏర్పడిన సంస్థ భారత ప్రభుత్వం, ఇరాన్ జాతీయ చమురు సంస్థ, అమెరికా కంపెనీ అమోకో కలిసి పెట్టినది. అందులో ఏ ఒక్క ఆసామీ లేడు, అతని పేరుతో ఆసుపత్రీ లేదు, సంగీత సభా లేదు. అయినా గాలి విషయంలో ఫలితం వేరుగా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో మణలిని తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఊరి తూర్పు దిక్కు ఎందుకలా అయిందన్న దానికి జోనింగ్ ఉండడం లేకపోవడం ఒక్కటే సమాధానం అనుకుంటే పొరపాటు. మనకు జోనింగ్ ఉంది కదా.

అన్నానగర్ గ్రంథాలయం

దానాల సంగతి ఇద్దరూ తేలికగా దాటేశారు. హ్యూ రాయ్ కల్లెన్ చదివింది ఐదో తరగతి వరకే. 1936లో అతని కొడుకు చమురు బావి దగ్గర జరిగిన ప్రమాదంలో చనిపోతే, ఆ కొడుకు పేరుతో హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి కట్టించిన భవనం 1939లో తెరుచుకుంది. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు చదువుకునే కార్మికుల పిల్లలకు ఆ విశ్వవిద్యాలయం పనికివస్తుందని అతను దాన్ని ఎంచుకున్నాడు. 1947లో సుమారు 16 కోట్ల డాలర్ల విలువ కట్టిన చమురు ఆస్తులను తన ఫౌండేషన్‌కు రాసిచ్చాడు. ఆసుపత్రులకు, వైద్య కళాశాలకు అతనిచ్చింది వేరే. విల్ హాగ్ చెల్లెలు ఐమా హాగ్ 1913లో నగర సింఫనీ వాద్యబృందం స్థాపనకు పూనుకుంది. తన నివాసం బేయూ బెండ్‌ను, అందులో తాను సేకరించిన పాత అమెరికన్ కళాసామగ్రితో సహా, మ్యూజియానికి రాసిచ్చింది. చమురు బావుల పరికరాలతో సంపన్నమైన ష్లుంబర్జే కుటుంబపు ఆడపడుచు డొమినిక్ డి మెనిల్ 1987లో తెరిచిన మ్యూజియంలో నేటికీ ప్రవేశ రుసుము లేదు.

వీటికి మరో పక్క ఉందని ఒప్పుకుంటాను. కల్లెన్ అంత ఇచ్చిన విశ్వవిద్యాలయం నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నది 1962లో గానీ కాదు. అయినా పచ్చయ్యప్ప మొదలియారు ధర్మనిధిని, త్యాగరాయ చెట్టి విద్యాదానాన్ని గౌరవంగా చెప్పుకునే మద్రాసువాళ్ళం, అక్కడి దాతలను ఒక్క వాక్యంలో కొట్టిపారేయడం న్యాయం కాదు.

పానగల్ పార్కు వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. మాస్టారు గారూ, ఊరు పడమటికీ నైరుతికీ పెరగడానికి ఆ సంపన్నుల నివాసాలే కారణమా, లేక వాళ్ళు కావాలనే అటు లాగారా? వరదల సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. 2015 డిసెంబరులో చెన్నై వరదలను చూసిన మనకు, 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ మునిగిన తీరు వేరే కథగా అనిపించలేదు.

కోట్టూరుపురం మాస్టారు

మణలి గారి సవరణను అంగీకరిస్తున్నాను. కాలువ లేకుండా మిగతాదేదీ లేదు. ఆ కాలువ ఇచ్చిన డబ్బు ఎక్కడికి ప్రవహించింది అన్నది నా ప్రశ్న.

లాగడం కూడా జరిగింది. దానికి బాగా తెలిసిన ఉదాహరణ గ్లెన్ మెకార్తీ. బావుల మీద అదృష్టం పరీక్షించుకుని ధనవంతుడైన ఈ మనిషి, నగర మధ్యానికి దూరంగా నైరుతిలో 1,100 గదుల షామ్రాక్ హోటల్ కట్టించి 1949 మార్చి 17న అట్టహాసంగా తెరిచాడు. ఖర్చు సుమారు 2.1 కోట్ల డాలర్లు. దాని ఈతకొలను ఎంత పెద్దదంటే అందులో నీటి స్కీయింగ్ ప్రదర్శనలు జరిగేవి. చుట్టూ కొత్త వాణిజ్య కేంద్రం వెలుస్తుందన్నది అతని లెక్క. మూడేళ్ళలో అప్పులు తీర్చలేక హోటల్ బీమా సంస్థ చేతికి పోయింది, 1987లో దాన్ని కూలగొట్టారు. ఆ స్థలం చేరింది పక్కనే పెరుగుతూ వచ్చిన టెక్సాస్ మెడికల్ సెంటర్‌కు. అతని లెక్క తప్పినా దిక్కు తప్పలేదు.

ఆగ్నేయాన ఇంకో విధంగా జరిగింది. హంబుల్ కంపెనీ 1938లో చమురు కోసం కొన్న వెస్ట్ కుటుంబపు పశువుల మేత భూమి సుమారు 30,000 ఎకరాలు. 1961లో అందులో వెయ్యి ఎకరాలు రైస్ విశ్వవిద్యాలయం ద్వారా నాసాకు అందాయి. అంతరిక్ష కేంద్రం వచ్చింది. మిగిలిన భూమిలో కంపెనీ అనుబంధ సంస్థ క్లియర్ లేక్ సిటీని కట్టి అమ్మింది. ఇవ్వడం, అమ్మడం రెండూ ఒకే భూమిలో జరిగాయి. దాన్ని మోసమనను, కేంద్ర ప్రభుత్వ నిర్ణయం, స్థానిక రాజకీయ బలం, భూమి దొరకడం మూడూ కలిస్తేనే అది సాధ్యమైంది. కానీ ఆ మూడూ కలిసేలా చూడగలిగినవాళ్ళు ఊళ్ళో కొద్దిమందే ఉండేవారు. వాళ్ళలో పలువురు లామార్ హోటల్‌లోని 8ఎఫ్ గదిలో కూడి ఊరి సంగతులు తేల్చుకునేవారన్నది అక్కడ అందరికీ తెలిసిన చరిత్ర.

వరదల విషయంలో నేను గౌరవించే చమురు మనిషి జార్జ్ మిచెల్. ఊరికి ఉత్తరాన అడవిలో 1974లో అతను తెరిచిన వుడ్‌లాండ్స్ పట్టణానికి, ప్రకృతికి అనుగుణంగా ఊళ్ళు వేయాలని చెప్పిన ప్రణాళికా నిపుణుడు ఇయాన్ మెక్‌హార్గ్ ప్రణాళిక ఇచ్చాడు. నీరు ఇంకే నేలను ఖాళీగా వదిలి, ఇంకని నేల మీద కట్టడాలు పెట్టి, కాంక్రీటు కాలువలకు బదులు సహజమైన వాగులను ఉంచడం దాని మూలసూత్రం. 1979లో భారీ వాన పడి చుట్టుపక్కల పేటలు మునిగినప్పుడు వుడ్‌లాండ్స్ తట్టుకుంది. అయితే తరవాతి విస్తరణలో ఆ సూత్రాన్ని సడలిస్తూ పోయారు. 1997లో మిచెల్ తన వాటా అమ్ముకున్నాడు. 2017లో స్ప్రింగ్ క్రీక్ పక్కనున్న పేటలలో ఇళ్ళు మునిగాయి. మంచి చెరువు నేలను పేటగా మార్చుకున్న మనం అక్కడివాళ్ళకు బుద్ధులు చెప్పే స్థితిలో లేము. త్యాగరాయ నగర్‌ను ఆనుకున్న మాంబళం వీధులలో ప్రతి ఈశాన్య రుతుపవనానికీ నీళ్ళు నిలుస్తూనే ఉన్నాయి.

వేళచ్చేరి సోదరి

చర్చ అంతా చదివాను. మా అక్క కొడుకు హ్యూస్టన్ పడమట కేటీ వైపు ఇల్లు కొనబోతున్నాడు. ఇక్కడ మేము ఇల్లు కొనేటప్పుడు పట్టా, సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) ఆమోదం చూసుకున్నట్టు అక్కడ ఏం చూసుకోవాలో మాస్టారు గారు చెప్పగలరా?

కోట్టూరుపురం మాస్టారు

అమ్మా, ఆ దిక్కున ముందుగా చూడవలసింది ఆడిక్స్, బార్కర్ జలాశయాలు. 1929, 1935 వరదల తరవాత నగర మధ్యాన్ని కాపాడడానికి సైనిక ఇంజినీర్ల విభాగం 1940లలో కట్టిన మట్టి కట్టలవి. మామూలు రోజులలో నీళ్ళుండవు. నీరు పూర్తిగా నిండితే మునిగే నేలనంతా ప్రభుత్వం కొనలేదు, మిగిలిన ప్రైవేటు నేలలో తరవాత వేలాది ఇళ్ళు లేచాయి. హార్వీకి అవి మునిగాయి. ముంపు కలగవచ్చన్న మాట ఫోర్ట్ బెండ్ కౌంటీలోని కొన్ని లేఅవుట్ పటాల మీద చిన్న అక్షరాలలో ఉన్నా, కొన్నవారిలో చాలామంది చూడలేదు. పరిహారం ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని ఫెడరల్ కోర్టు 2019 డిసెంబరులో తీర్పు చెప్పింది. కాబట్టి మీ అబ్బాయి ఆ స్థలం జలాశయపు పూర్తి ముంపు గీతకు లోపల ఉందో బయట ఉందో పటంలో చూసుకోవాలి. వరద బీమా కోసం ప్రభుత్వం వేసిన పటాల మీద మాత్రమే ఆధారపడకూడదు.

రెండోది దస్తావేజు షరతులు. ఇంటి రంగు నుంచి కంచె ఎత్తు వరకు అన్నీ అందులో ఉంటాయి, నివాసుల సంఘం వాటిని అమలు చేస్తుంది, సంఘానికి ఏటా కట్టవలసిన రుసుము వేరే. మూడోది మడ్ అని పిలిచే నీటి వినియోగ జిల్లా పన్ను. నగర హద్దుల బయట పేట వేసేవాడు నీటి గొట్టాలు, మురుగు కాలువలు వేయడానికి అలాంటి జిల్లాను ఏర్పాటు చేయించుకుంటాడు. ఆ జిల్లా బాండ్లు అమ్మి అతని ఖర్చు తిరిగి ఇస్తుంది, ఆ బాండ్ల అప్పును ఇళ్ళవాళ్ళు ఆస్తి పన్నుతో ఏళ్ళ తరబడి తీరుస్తారు. కొత్త పేటలో ఈ రేటు ఎక్కువ, పాతబడ్డ కొద్దీ సాధారణంగా తగ్గుతుంది. ఒకే ధర చెప్పిన రెండు ఇళ్ళకు నెలవారీ భారంలో పెద్ద తేడా రావడానికి తరచు ఇదే కారణం. ఆ జిల్లా పేరు, ప్రస్తుత రేటు, ఇంకా తీరవలసిన బాండ్ల మొత్తం రాతపూర్వకంగా అడిగి తీసుకోమని చెప్పండి.